కాలికి కడియమున్న కొంగ

ఆ పక్షుల్ని మొదట చూసింది నేను. మా ఇంట్లో ఈ కథ ఎవరు ఎత్తుకున్నా మామ చూశాడనే మొదలుపెడతారు. మామ బతికి ఉన్నన్నాళ్లూ ఆ మాటను తనే దిద్దేవాడు. "నేను గాదురా, మా కోడలు సూసింది. నాకప్పటికే కండ్లు మసకలు" అనేవాడు. అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

మాది గొర్లు కాసే ఇల్లు. అత్తగారి ఊరు సూర్యాపేట పక్కన చిన్న పల్లె, పుట్టిల్లు మిర్యాలగూడ. కోతలు అయిపోగానే మందను తోలుకుని తూర్పుకు, నడిగూడెం, కోదాడ దిక్కుకు పోయేవాళ్లం. కోసిన పొలాల్లో మందను పడుకోబెడితే నేలకు ఎరువు, మాకు తిండిగింజలు. ఎండలు ముదిరేదాకా చేలల్లోనే వంట, చేలల్లోనే పడక.

నేను చెప్పే ఏడు, నిజాం సర్కారు పోయి మిలటరీ వచ్చాక మొదటి ఎండాకాలం ఇంకా రాలేదు. ఊళ్లల్లో పడుచు మగవాళ్లు కనపడితే జీపెక్కించుకుని పోయే రోజులు. కమ్యూనిస్టు దళాలకు అన్నం పెట్టావా అని అడిగేవారు. పెట్టినా పెట్టకపోయినా దెబ్బలు తప్పేవి కావు. నా పెనిమిటి ఏ దళంలోనూ లేడు. ఒకసారి దారి అడిగిన వాళ్లకు దారి చూపించాడు, అంతే. ఆ భయానికి అత్త కొడుకును జగ్గయ్యపేట అవతల చుట్టాలింటికి పంపేసింది. మందతో మిగిలింది మామ, అత్త, నేను, రెండు కుక్కలు. నాకు పంతొమ్మిదేళ్లు. మామ ఎదుట నిలబడి మాట్లాడటం మా ఇళ్లల్లో అప్పట్లో మర్యాద కాదు. కానీ తోడేలు వచ్చినప్పుడు కొంగు చాటు నుంచి గొణిగితే లాభం లేదు గనుక, మంద దగ్గర ఆ మర్యాద ఎప్పుడో పోయింది.

నాకు చదువు వచ్చు. మిర్యాలగూడలో మా నాయన ఇంటి వెనక ఒకావిడ ఆడపిల్లలకు చాటుగా తెలుగు అక్షరాలు నేర్పేది. అప్పుడు బళ్లో చదువంతా ఉర్దూలోనే. నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చింది గానీ పెళ్లయ్యాక ఆ విద్యతో ఒక్క పనీ పడలేదు.

మామకు అక్షరం ముక్క రాదు. పిట్టల రాకపోకలు మాత్రం వేళ్ల మీద ఉండేవి. చలికాలం చివర బూడిదరంగు కొంగలు వరుసకట్టి, గొలుసు లాగినట్టు అరుచుకుంటూ ఉత్తరానికి పోతాయి. వాటి వెనక గులాబి ఒంటి గోరింకలు దండుగా జొన్నచేల మీద పడతాయి. అవి కూడా లేచి పోయాయంటే ఇక గడ్డి దొరకదు, మందను ఇంటిదారి పట్టించాలి. ఈ లెక్క ఆయనకు వాళ్ల నాయన చెప్పింది. ఆ ఏడు కొంగలు ఆలస్యంగా కదిలాయి. గోరింకలు ఎన్నడూ లేనంత మందంగా వచ్చి, చేలో దిగితే చెట్టు నీడ పడినట్టు నేల కనపడేది కాదు. "పైన గాలి సక్కగ లేదు బిడ్డా. ఈసారి ఏదో ఒకటి అయితది" అన్నాడు మామ.

ఒక మాపటేళ నేను కుంట దగ్గర బిందె ముంచుతున్నాను. అవతలి మెట్ట చెలకలో తెల్లగా మేకల మంద దిగినట్టు కనిపించింది. మనిషి లేని మేకలేమిటా అని నిలబడి చూశాను. మేకలు కావు, కొంగలు. ఒక్కొక్కటి నా రొమ్ముల ఎత్తు ఉంది. ఒళ్లు తెలుపు, రెక్కల చివర నలుపు, ముక్కు ఎరుపు, కాళ్లు ఎరుపు. ఇరవై మూడు లెక్కపెట్టాను. మా దిక్కున నత్తల్ని కొట్టుకు తినే కొంగలున్నాయి, గులాబి తోక కొంగలున్నాయి. ఇవి అవి కావు. ఇంకో వింత ఏమిటంటే, అరుపు లేదు. అన్ని పక్షులున్నా ఒక్క కూత లేదు. ఒకటి తల వెనక్కి వంచి వీపుకు ఆనించి, ముక్కును టకటకటక కొట్టుకుంది. చిడతలు వాయించినట్టుంది. రెండోది బదులు చెప్పింది.

బిందె అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చి మామను పిలుచుకుపోయాను. ఆయన కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గివేంటియి మామా?"

"ఎరుక లేదు."

ఆ మాట ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు. పిట్ట విషయంలో మామకు తెలియనిది ఒకటుందని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

"మా నాయన గూడ చెప్పలే. నేను పుట్టి ఇన్నేండ్లయింది, ఎర్రకాళ్లది గింత పెద్దది ఈడ దిగంగ సూడలే" అన్నాడు. అని నావైపు తిరిగి, "నువ్వు ఎన్ని లెక్కపెట్టినవ్?" అని అడిగాడు. ఇరవై మూడని చెప్పాను. "యాది పెట్టుకో" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాటగానే వడగళ్లు పడ్డాయి. ఉసిరికాయంత రాళ్లు. మందను వేపచెట్ల కిందికి తోలి, గొంగళ్లు నెత్తిన వేసుకుని కూర్చున్నాం. పావుగంటలో అంతా తెల్లబడింది. మూడు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. వాన ఆగాక నేను చెలక దిక్కుకు పోయాను. కొంగలు లేవు. ఒకటి మాత్రం తుమ్మ కంప పక్కన బోర్లా పడి ఉంది. ఒక రెక్క విసనకర్రలా పరుచుకుని ఉంది. దగ్గరికి పోతే మెడ ఎత్తి ముక్కు కొట్టింది, టకటక. లేవలేకపోయింది.

దాన్ని గొంగట్లో చుట్టి ఎత్తుకొచ్చాను. ఎత్తు చూస్తే అంత ఉంది గానీ బరువు మేకపిల్లంత కూడా లేదు. ఎముకల్లో గాలి తప్ప ఏమీ లేనట్టుంది.

మంద పెట్టిన పొలం రైతు, వడగళ్లకు ఏం నష్టమైందో చూడటానికి వచ్చి దాన్ని చూశాడు. "అబ్బో, ఇంటిల్లిపాదికీ వస్తది. గాలివాన తెచ్చిచ్చిన కూర" అన్నాడు.

అత్త లేచి నిలబడింది. మా అత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం మంద అవతలి కుక్కకు వినపడేది. "మా మందల పడ్డది. మా మందల పడ్డదాన్ని మేం కోసుకోం, ఇంకొకన్ని కోసుకోనియ్యం" అంది. ఆ పొలం ఆయనది, ఆ రాత్రి మేం పడుకోవలసింది ఆయన గట్టు మీద. అయినా అంది. ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

కాలు విరిగిన గొర్రెకు వెదురుబద్దలు కట్టడంలో అత్త చెయ్యి చుట్టుపక్కల పేరున్న చెయ్యి. పక్షి రెక్కను భుజం నుంచి కొసదాకా వేళ్లతో తడిమింది. "ఇరగలే. గూడ బెణికింది" అని, పసుపు ఆముదంలో వెచ్చబెట్టి రాసి, తన పాత చీర చెంగు చింపి రెక్కను ఒంటికి కట్టింది. పక్షి నా ఒళ్లో అదురుతూ ఉంది గానీ ఒక్కసారి కూడా పొడవలేదు. తడకలతో చిన్న దొడ్డి కట్టి అందులో నిలబెట్టాం. నేను కుంటలో చిన్న చేపలు పట్టి, చేలో మిడతలు పట్టి తెచ్చేదాన్ని. మొదటిరోజు ముట్టలేదు. రెండోరోజు నా చేతిలోదే అందుకుంది.

దాని కాళ్లు సగం ఎరుపు, సగం సున్నం కొట్టినట్టు తెలుపు. తన రెట్టను తనే కాళ్ల మీద వేసుకుంటుందని తర్వాత గమనించాను. మూడోరోజు అత్త, "ఛీ, కడుగు దాని కాళ్లు" అంటే చెంబెడు నీళ్లు పోసి రుద్దాను. తెలుపు కరిగిన చోట ఏదో మెరిసింది. కడియం. సన్నని లోహపు కడియం, దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి.

పిట్ట కాలికి కడియం ఎవరు వేస్తారు? రాజులు పావురాలకు కట్టేవారని విన్నాం. ఆ రోజుల్లో ఎవరి దగ్గర ఏ రాత కాగితం దొరికినా ఏమవుతుందో కూడా విన్నాం.

"కోసి కుంటల ఏద్దాం" అంది అత్త.

"మనం ఎయ్యంది మనం కోయొద్దు" అన్నాడు మామ. నావైపు చూసి, "నీకు సదువొస్తది గదా బిడ్డా. ఏముందో సూడు" అన్నాడు.

అది తెలుగు కాదు. ఉర్దూ కాదు. ఇంగ్లీషేమో అనుకున్నాను. ఒక్క అక్షరమూ రాదు. అయినా ముగ్గు చూసి వేసినట్టు చూసి వేయవచ్చు కదా అనిపించింది. మామ పొగాకు చుట్టి తెచ్చుకున్న కాగితాన్ని చదును చేసి, బొగ్గుముక్కతో ఒక్కొక్క గీతా దించాను. గుడిసెలా ఉన్నది ఒకటి, పాములా ఉన్నది రెండు, దువ్వెన విరిగినట్టున్నది ఒకటి. వాటి కింద అంకెలు. పక్షి కాలు పట్టుకుని అత్త కూర్చుంటే, మూడుసార్లు సరిచూసుకున్నాను.

కోదాడలో బస్సులు ఆగే చోటుకు దగ్గర్లో ఒక పంతులుగారు ఉండేవారు. పూర్వం ఆంధ్ర వైపు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి పని విరమించి వచ్చారు. ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయన అరుగు మీదికే పోయేవారు. మంద అత్తకు అప్పగించి, మామా నేనూ పొద్దున్నే నడిచి వెళ్లాం. పంతులుగారు నా కాగితం కళ్లద్దాలకు ఆనించి చూశారు.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"నేనే అయ్యా."

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"రాదయ్యా. చూసి దించిన."

ఆయన కాగితం దించి నన్ను చూశారు. "ఒక్క తప్పు లేదు. నా దగ్గర ఆరేళ్లు చదివినోళ్లు కూడా ఇట్లా రాయలేదు" అన్నారు. మామ పక్కకు తిరిగి మీసం సర్దుకున్నాడు. ఆ సంతోషం నాకు కనపడకూడదని అనుకున్నాడు, కనపడింది.

అది ఐరోపాలో ఒక ఊరి పేరని పంతులుగారు చెప్పారు. అక్కడి పెద్దలు కొంగపిల్లల కాళ్లకు ఇలా కడియాలు వేసి వదులుతారట, ఎక్కడెక్కడికి పోతాయో తెలుసుకోవడానికి. అట్లాసు తెచ్చి అరుగు మీద పరిచారు. వేలు పెట్టి ఆ దేశం చూపించారు, అక్కడి నుంచి కొండలూ ఎడారులూ దాటించి మన దేశానికి తెచ్చారు. మా కోదాడ అందులో లేదు. ఆయన సిరాతో ఒక చుక్క పెట్టారు.

"అమ్మాయ్, కడియం ఎవరినీ తియ్యనివ్వకు. బొంబాయిలో పక్షుల సంగతులు సేకరించే పెద్దలున్నారు. వాళ్లకు నేను రాస్తాను. ముందు నువ్వు చూసిందంతా తెలుగులో రాసివ్వు. ఎన్ని, ఏ రోజు, ఏ దిక్కు నుంచి, వడగళ్లు ఎప్పుడు. అనుకున్నది రాయకు, చూసింది రాయి."

ఆయన కలంతో, ఆయన అరుగు మీద కూర్చుని ఒకటిన్నర పుట రాశాను. చేతి చెమటకు కలం జారింది. రాయడం అయ్యాక చదివి వినిపించమన్నారు. చదివాను. "మా మామకు అరవై ఏండ్లు, ఆయన ఈ పక్షిని ఇంతకు ముందు చూడలేదు" అన్న దగ్గర పంతులుగారు ఆపారు. "ఇదీ విలువైన మాటంటే" అన్నారు.

మేం తిరిగివచ్చిన మూడోరోజు పొద్దున జీపు వచ్చింది. ఎవరు చెప్పారో నాకు ఈ రోజుకీ తెలియదు. సూర్యాపేట క్యాంపు నుంచి ఇద్దరు పోలీసులు. గొర్లోళ్ల దగ్గర రాత కట్టిన పక్షి ఉందని, కోడలు కాగితం పట్టుకుని కోదాడకు పోయిందని, మొగుడు కనపడటం లేదని వాళ్లకు తెలిసింది. మామను ఎక్కమన్నారు.

"కాగితం రాసింది నేను. నేను వస్త" అన్నాను.

"నువ్వొద్దు బిడ్డా."

"నీకు చదువు రాదు మామా. వాళ్లు ఏది సూపెట్టి అడిగినా ఏం జెప్తవ్?"

మోటారు ఎక్కడం అదే మొదలు. సూర్యాపేట దాకా మామ జీపు కమ్మీ వదల్లేదు.

ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన మనిషి. మాటలో కృష్ణా జిల్లా వినిపించింది. బల్ల అవతల కూర్చుని మమ్మల్ని నిలబెట్టి అడిగాడు.

"మీ ఆయన ఎక్కడ?"

"పోయిండు."

"ఎక్కడికి?"

"మీకు భయపడి పోయిండు. ఏ తప్పు జెయ్యలే. ఏడున్నడో చెప్పను." ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆఫీసరు కాసేపు పెన్సిలు బల్ల మీద కొట్టాడు. "ఆ పక్షి కాలికి కట్టి ఎవరికి కబురు పంపుతున్నారు?"

"అది మేం కట్టలే సార్. అది పుట్టినకాడ కట్టిన్రు. కోదాడ పంతులుగారు సదివిన్రు."

"కాగితం ఏదీ?"

"పంతులుగారి కాడుంది. నాకు యాదికుంది. రాస్త."

ఆయన నవ్వుతున్నట్టు చూసి పెన్సిలు, తెల్లకాగితం ముందుకు తోశాడు. నిలబడే రాశాను. గుడిసె, పాము, విరిగిన దువ్వెన, తర్వాత అంకెలన్నీ. ఆయన ముఖం మారింది. అక్షరాల్ని పెదవులతో చదువుకున్నాడు. కానీ నమ్మడం వేరు. "పంతులు చెప్పమన్నది చెబుతున్నావేమో. పక్షిని నేను చూడాలి" అన్నాడు. అప్పుడు మామ మొదటిసారి మాట్లాడాడు.

"సూడున్రి సార్. జర తొందరగ రాన్రి. గాలి మళ్లింది. రెక్క బాగైతే అది మీ కోసం ఆగదు, నా కోసం ఆగదు."

ఆ మధ్యాహ్నమే అదే జీపులో మమ్మల్ని ఎక్కించుకుని వచ్చాడు. మంద దగ్గర అత్త కర్ర పట్టుకుని తడకల దొడ్డికి అడ్డం నిలబడి ఉంది. బూట్ల చప్పుడుకు కుక్కలు మొరిగాయి, పక్షి మాత్రం తల వెనక్కి వంచి టకటకమని వాయించింది. ఆఫీసరు టోపీ తీశాడు. ఎందుకు తీశాడో తెలియదు, ఉక్కపోసిందేమో. నేను పక్షిని ఒళ్లో పెట్టుకుని కాలు చాచి పట్టాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి నేను రాసిచ్చిన కాగితం తీసి, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి సరిచూసుకున్నాడు. అంకె అంకెకూ తల ఊపాడు. అన్నీ కలిశాయి.

"ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుసా మీకు?" అన్నాడు, మాతో కాదు, తనలో తను అన్నట్టు.

"తెలుసు సార్. అట్లాసుల సూసిన" అన్నాను.

లేచి మోకాళ్ల మట్టి దులుపుకుని, వెళ్లబోతూ అత్త దగ్గర ఆగాడు. "నీ కొడుకును రమ్మను. క్యాంపులో నాకు ఒకసారి కనపడి పొమ్మను. ఎవరూ చెయ్యి వెయ్యరు. నేను మాట ఇస్తున్నాను" అన్నాడు. అత్త ఆయన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మాట తప్పితే ఈ పిట్ట ఉసురు తగుల్తది" అంది. ఆయన మాట తప్పలేదు. అది కూడా రాయాలి. ఆ రోజుల్లో తప్పినవాళ్లు చాలామంది.

పక్షి మా దగ్గర పదకొండు రోజులుంది. ఎనిమిదో రోజు అత్త కట్టు విప్పింది. తొమ్మిదో రోజు రెక్కలు చాపి దొడ్డిలో గెంతింది. రెండు రెక్కలూ చాపితే మా మామ పడుకున్నంత కంటే వెడల్పు. తడకలు తీసేశాం. పదో రోజంతా మంద మధ్యనే తిరిగింది, గొర్ల కాళ్ల దగ్గర లేచే మిడతల్ని ఏరుకుంటూ. గొర్లు దాన్ని పట్టించుకోలేదు. పదకొండో రోజు పొద్దెక్కి నేల కాలడం మొదలయ్యాక పది అడుగులు పరుగెత్తి లేచింది. వేపచెట్ల ఎత్తుకు పోయాక ఇక రెక్క కొట్టలేదు. చాచిన రెక్కలు చాచినట్టే ఉంచి, వేడిగాలి మీద చుట్లు తిరుగుతూ పైకి పోయింది. మెడ ముందుకు, ఎర్రకాళ్లు వెనక్కి. కడియం ఒకసారి ఎండకు తళుక్కుమన్నదని నేనంటాను, అంత ఎత్తున కనపడదని మామ అనేవాడు. చివరికి చుక్కయి, వాయవ్యానికి తిరిగి, లేకుండా పోయింది.

"ఒక్కతే పోతుంది. జతగాళ్లు ఎప్పుడో పాయె. దారి తెల్సంటవా?" అన్నాడు మామ.

"వచ్చిన దారి గదా మామా."

ఆయన ఆ దిక్కే చూస్తూ నిలబడ్డాడు. అత్త మాత్రం దొడ్డి తడకలు విప్పి కట్టలు కడుతోంది. ఆమె ముక్కు చీదడం వినిపించింది. పొగ అంది, పొయ్యి వెలిగించలేదు.

ఉగాది పోయిన వారానికి నా పెనిమిటి వచ్చాడు. సూర్యాపేట క్యాంపుకు మామతో పోయి కనపడి, సాయంత్రానికి తిరిగి వచ్చాడు. ఆఫీసరు అడిగింది ఒక్కటేనట, "పక్షి ఎగిరిందా?" అని.

ఆ ఏడాది చలికాలానికి నేను కాన్పుకు మిర్యాలగూడ వెళ్లాను. మా పెద్దది పుట్టి నెల అయింది. ఒకరోజు బస్సు దిగి, ఊరంతా దారి అడుగుతూ, గొడుగు చేతపట్టుకుని పంతులుగారు మా నాయన ఇంటికి వచ్చారు. కోదాడ నుంచి అంత దూరం, ఆ వయసులో. మంచం వేస్తే కూర్చోకుండానే సంచిలోంచి ఉత్తరం తీశారు. బొంబాయి నుంచి వచ్చింది. ఇంగ్లీషు చదువుతూ తెలుగు చెప్పారు.

ఆ పక్షికి కడియం వేసింది పెద్ద యుద్ధానికి ముందేనట. ఒక పల్లెలో, ఒక ఇంటి కప్పు మీది గూట్లో, అది ఇంకా ఎగరడం నేర్వని పిల్లగా ఉన్నప్పుడు. యుద్ధంలో ఆ పల్లె సగం కాలిపోయిందట. కడియాల లెక్కలున్న పుస్తకాలు కొన్ని పోగా, ఈ అంకె ఉన్న పుస్తకం మిగిలిందట. ఆ పక్షి బతికి ఉందని కడియం వేసినవాళ్లకు తెలిసింది మా వల్లే. కడియం వేసిన పక్షి మా దిక్కున దొరికినట్టు వాళ్ల దగ్గర అంతకు ముందు ఒక్క కబురూ లేదట. చూసింది చూసినట్టు రాసినందుకు ధన్యవాదాలు అని రాసి, పక్షిని చూసినవారు అన్నచోట నా పేరు ఇంగ్లీషులో పెట్టారు. పంతులుగారు ఆ పేరు మీద వేలు పెట్టి చూపించారు. నా పేరు నేను చదువుకోలేకపోయాను. గీతలు మాత్రం చూసి చూసి కంఠతా పట్టాను.

మా నాయన పక్కింటివాళ్లను పిలిచాడు. చాటుగా నాకు అక్షరాలు నేర్పిన ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. పంతులుగారి చేత మళ్లీ మొదటి నుంచీ చదివించాడు.

పిల్లతో అత్తగారింటికి పోయాక ఆ ఉత్తరం మామకు చెప్పాను. ఆయన అంతా విని, "యుద్ధం దాటింది, మన లొల్లి దాటింది. గట్టి పానం" అన్నాడు. ఇంకాసేపటికి, "మీ అత్త పేరు రాసిన్రా?" అని అడిగాడు.

లేదు. నేను రాసిన ఒకటిన్నర పుటలో రెక్క కట్టిన సంగతి ఉంది గానీ కట్టింది ఎవరో పేరు లేదు. ఆ తప్పు నాదే. అత్తను అత్త అనడమే తప్ప ఆమె పేరు నేను ఎన్నడూ పలకలేదు, పలకకూడదు కూడా. రాయడానికి చెయ్యి రాలేదు. మర్నాడే నా పెనిమిటిని తోడు తీసుకుని కోదాడ పోయి, పంతులుగారి అరుగు మీద కూర్చుని ఇంకో ఉత్తరం రాశాను. ఆ రెక్క బాగుపడింది ఫలానా ఆమె చేతి వల్ల, ఆ పేరు లేకుండా నా పేరు ఒక్కటే ఉండటం న్యాయం కాదు అని రాశాను. అత్త పేరు మొదటిసారి నా చేత్తో రాశాను.

నెలన్నరకు బొంబాయి నుంచి జవాబు వచ్చింది, పంతులుగారు చదివి పేర్లు ఎక్కడున్నాయో చూపించారు. వాళ్ల పుస్తకంలో రెండు పేర్లూ ఎక్కించామని, రెక్కకు ఏ మందు రాశారో తెలపమని అడిగారు.

ఉత్తరం తెచ్చేసరికి అత్త గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుని తలకిందులుగా పట్టుకుంది. నేను తిప్పి ఇచ్చాను.

"నా పేరు ఏదే?"

చూపించాను. ఆమె దాని మీద వేలు ఆనించి, వేలు తీసి మళ్లీ చూసింది.

"గింత చిన్నగ రాసిన్రేంది?" అంది. అని, ఆ ఊళ్లో ఉన్న ప్రతి ఇంటికీ ఆ మాపటికే వెళ్లి చూపించి వచ్చింది.